మొదటి ట్రాక్ డే: బుకింగ్ దగ్గర్నుంచి ఇంటికి తిరిగొచ్చే దాకా

"నాది మామూలు స్విఫ్ట్, ట్రాక్ మీదికి రానిస్తారా?" "బైక్ హెల్మెట్ సరిపోతుందా?" "రేసింగ్ లైసెన్స్ కావాలా?" ఈ మూడు ప్రశ్నలకు విడివిడిగా చాలాసార్లు జవాబు చెప్పాను. ట్రాక్ డే అంటే రేసు ట్రాక్ మీద మన సొంత కారు నడుపుకునే రోజు. ఈసారి దాని గురించి మొత్తం వరసలో రాస్తున్నాను. నేను 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లి నడుపుతాను కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే. ఇది కార్లకు మాత్రమే. బైకుల సంగతి వేరు.

1. మీకు కావాల్సింది ఏది?

రేసింగ్ స్కూల్, ట్రాక్ డే, రేసు అనేవి మూడు వేర్వేరు విషయాలు. చాలామంది వీటిని కలిపేస్తారు.

స్కూల్‌లో క్లాసు ఉంటుంది, పక్కనో వెనకో ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు, చాలాచోట్ల కారు కూడా వాళ్లదే. ట్రాక్ డేలో కారు మీది, నడపడం మీది, ట్రాక్‌ని కొన్ని గంటలు అద్దెకు తీసుకున్నట్టు. అక్కడ గెలుపు ఓటములు లేవు. ముందు కారు చెయ్యి ఊపితేనే, అదీ స్ట్రెయిట్‌లోనే (ట్రాక్ నేరుగా సాగే భాగంలో), దాటాలి. రేసుకైతే మన దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే పోటీ లైసెన్స్ ఉండాలి. ట్రాక్ డేకి సాధారణంగా మన మామూలు డ్రైవింగ్ లైసెన్స్ చాలు, కానీ ఆ రోజు నిర్వాహకులు పెట్టిన నిబంధనలు చదవకుండా డబ్బు కట్టకండి.

నా సలహా: ముందు కార్టింగ్, తర్వాత స్కూల్, ఆ తర్వాతే సొంత కారుతో ట్రాక్ డే. అద్దె కార్టుల్లో బ్రేక్ సాధారణంగా వెనక చక్రాలకే ఉంటుంది. మలుపు మధ్యలో బ్రేక్ తొక్కితే గిర్రున తిరుగుతుంది. ఆ పాఠం కార్టింగ్‌లో కొన్ని వందల రూపాయలకే వస్తుంది. సొంత కారులో నేర్చుకుంటే బంపర్ ఖర్చు.

2. ఎక్కడికి, ఎప్పుడు?

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది కదా, అక్కడే నడపొచ్చా అని ఇప్పటికీ అడుగుతున్నారు. అది రోడ్డు. రేసు కోసం గోడలు పెట్టారు, తర్వాత తీసేశారు. పూర్తి స్థాయి ట్రాక్ కోసం నేను వేరే రాష్ట్రానికే పోతాను.

చెన్నై: శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. హైదరాబాద్ నుంచి 600 కిలోమీటర్ల పైమాట. నెల్లూరు, తిరుపతి వాళ్లకు మాత్రం పొద్దున బయల్దేరి టిఫిన్ టైముకి చేరే దూరం.

కోయంబత్తూరు: కరి మోటార్ స్పీడ్‌వే. చిన్నది, వేగాలు తక్కువ. కొత్తవాళ్లకు అదే మేలని నాకనిపిస్తుంది, కాకపోతే మనకు దూరం.

గ్రేటర్ నోయిడా: బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు, కిలోమీటరు దాటిన స్ట్రెయిట్. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన చోటు. మొదటిసారికి వద్దు. అంత పొడవు స్ట్రెయిట్ చివర మామూలు కారు బ్రేకులు త్వరగా అలిసిపోతాయి.

చెన్నైకి జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వాన. ఏప్రిల్, మే నెలల ఎండలో మీకంటే ముందు మీ కారే చేతులెత్తేస్తుంది.

3. బీమా గురించి నిజం

మన ప్రైవేటు కారు పాలసీల్లో "ఉపయోగ పరిమితులు" అని ఒక పేరా ఉంటుంది. అందులో ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయించి ఉంటాయి. నేను రేసు చేయడం లేదు కదా అని క్లెయిమ్ దగ్గర వాదించి గెలుస్తామనుకోవద్దు. ట్రాక్ మీద జరిగిన నష్టం మన జేబులోంచే అనుకుని వెళ్లాలి. బారియర్‌కి గుద్దితే దాని ఖర్చు కూడా మన నెత్తిన వేయొచ్చు. సంతకం పెట్టే ఫారంలో ఆ లైను ఎక్కడుందో వెతికి చదవండి.

కాబట్టి ఒక్క లెక్క వేసుకోండి: ఈ కారు రేపటి నుంచి లేకపోతే నా ఇల్లు గడుస్తుందా? ఈఎంఐ ఇంకా నాలుగేళ్లు ఉన్న కారయితే స్కూల్ వాళ్ల కారులోనే నేర్చుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

4. కారు సిద్ధం చేయడం: పదిహేను రోజుల ముందు

ముందే చెప్తున్నాను, ఇంజిన్ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), ఎగ్జాస్ట్, పెద్ద అల్లాయ్‌ల జోలికి పోకండి. మొదటి ఏడాది డబ్బంతా మూడింటికే పెట్టాలి: బ్రేకులు, టైర్లు, ఇన్‌స్ట్రక్టర్.

బ్రేక్ ఆయిల్

కారు 120 వేగం నుంచి ఆగాలంటే, 60 నుంచి ఆగేటప్పటి వేడికి నాలుగింతలు పుడుతుంది. రోడ్డు మీద ఆ వేడి చల్లారడానికి టైమ్ దొరుకుతుంది. ట్రాక్ మీద రెండున్నర నిమిషాల ల్యాపులో (ట్రాక్ చుట్టూ ఒక రౌండులో) ఆరేడుసార్లు గట్టిగా తొక్కుతారు. ఆ వేడి ప్యాడ్ నుంచి, దాన్ని పట్టి నొక్కే క్యాలిపర్‌కి, అక్కణ్నుంచి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది.

బ్రేక్ ఆయిల్ గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 4 అనే గ్రేడు కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. మరిగితే లైన్లో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ స్పాంజిలా లోపలికి దిగిపోతుంది.

ఇది నాకు పుస్తకం చెప్పలేదు. నా మొదటి ట్రాక్ డేకి ముందు ఒక గ్యారేజీలో ఆయిల్ మార్పించాను. మార్పించాననుకున్నాను. వాళ్లు పైన డబ్బాలో కొంచెం పోసి బిల్లు ఇచ్చారు. నాలుగో ల్యాపులో బ్రేక్ తొక్కితే పాదం ఫ్లోర్ దాకా పోయింది. రెండోసారి, మూడోసారి పంప్ చేస్తే కాస్త పట్టింది, మలుపు వదిలేసి నేరుగా మట్టిలోకి పోయి ఆగాను. కారుకేమీ కాలేదు. నా మోకాళ్లే ఒక అరగంట వణికాయి.

అందుకని:

- డాట్ 4 ఆయిల్, సీలు తీయని డబ్బా మీరే కొనండి. మీ కారు మాన్యువల్ ఏది ఒప్పుకుంటుందో చూసి కొనండి.
- నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ చేయించండి. పాత నల్లటి ఆయిల్ పోయి కొత్తది తేటగా వచ్చేదాకా పక్కనే నిలబడండి.
- ప్యాడ్స్ సగానికి పైగా ఉండాలి. అరిగితే కొత్తవి వేయించి, కనీసం రెండు మూడు వందల కిలోమీటర్లు మామూలుగా తిప్పి అమర్చుకోనివ్వండి.
- డిస్కుల మీద వెంట్రుక పగుళ్లున్నాయేమో వేలితో, టార్చితో చూడండి.

టైర్లు

టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం తయారైంది. ఐదేళ్లు దాటిన టైరుతో వెళ్లొద్దు, పైన గాట్లు ఎంత లోతున్నా సరే. రబ్బరు గట్టిపడిపోతుంది. పక్క గోడల మీద ఉబ్బులుంటే ఆ టైరు ట్రాక్‌కే కాదు, రోడ్డుకీ పనికిరాదు.

గాలి మాత్రం తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకెతోనే మొదలుపెట్టండి. నడిపాక వేడికి ఐదారు పీఎస్ఐ పెరగడం మామూలే. టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. అరుగుదల ఆ గుర్తు దాటి పక్క గోడ మీదికి పాకిందంటే గాలి తక్కువైందని అర్థం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను:

- ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఉండాలి, దాటకూడదు.
- కూలెంట్ నిండుగా ఉండాలి. పైపుల దగ్గర తడి కనబడకూడదు.
- బ్యాటరీ చేత్తో ఊపితే కదలకూడదు.
- చక్రాల బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే పానా), మాన్యువల్‌లో చెప్పిన అంకెకు బిగించాలి. పానా మీద ఎక్కి తొక్కడం బిగించడం కాదు.
- ముందు బంపర్‌లో టోయింగ్ హుక్ బిగుసుకుంటోందా? స్టెప్నీ పక్కనుండే ఆ హుక్కుని కొన్న నాటి నుంచి ఎవరూ బయటికి తీసి ఉండరు.
- సీఎన్‌జీ కిట్ ఉన్న కారు, ఎత్తైన ఎస్‌యూవీ అయితే అనుమతి ఉందో లేదో ముందే అడగండి.

5. ముందు రోజు రాత్రి సంచి

- హెల్మెట్. ముఖం మొత్తం కప్పేది. ఐఎస్ఐ గుర్తున్న బైక్ హెల్మెట్‌ని చాలా ట్రాక్ డేల్లో ఒప్పుకుంటారు, అయినా అడిగి తెలుసుకోండి. కార్ల కోసం చేసే స్నెల్ ఎస్ఏ రకంలో మంటను తట్టుకునే లైనింగ్ ఉంటుంది. ఇది అలవాటైపోతుందని తేలాక కొనుక్కోవచ్చు.
- పొడుగు చేతుల కాటన్ చొక్కా, ప్యాంటు. సింథటిక్ జెర్సీలు వద్దు, మంట తగిలితే చర్మానికి అంటుకుంటాయి.
- పల్చటి అడుగు ఉన్న బూట్లు. లావు సోల్ స్పోర్ట్స్ షూతో పెడల్ ఎంత తొక్కుతున్నారో తెలియదు. చెప్పులతో లోపలికే రానివ్వరు.
- టైర్ గేజ్, టార్క్ రెంచ్, ఒక లీటరు ఇంజిన్ ఆయిల్, అర లీటరు బ్రేక్ ఆయిల్, అద్దం తుడిచే గుడ్డ.
- నీళ్లు, ఓఆర్ఎస్, మజ్జిగ. హెల్మెట్ పెట్టుకుని ఏసీ లేకుండా ఇరవై నిమిషాలు నడిపితే చొక్కా పిండుకోవచ్చు.
- లైసెన్స్, ఆర్‌సీ, పాలసీ కాగితాలు.

ఆ రాత్రి చెన్నైలోనే పడుకోండి. రాత్రంతా హైవే మీద డ్రైవ్ చేసి పొద్దున్నే నేరుగా ట్రాక్‌కి రావడం మనవాళ్లు ఘనంగా చెప్పుకుంటారు. నిద్ర లేని కళ్లతో బ్రేక్ పాయింట్, అంటే బ్రేక్ మొదలుపెట్టాల్సిన చోటు, కనబడదు.

6. సీటు సర్దుకోవడం

దీనికి ఐదు నిమిషాలు చాలు, ఖర్చు లేదు. అయినా ఎక్కువమంది చేయరు.

- క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి.
- వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగాన ఆనాలి.
- చేతులు గడియారంలో తొమ్మిది, మూడు దగ్గర.
- క్లచ్ అవసరం లేనప్పుడు ఎడమ పాదం డెడ్ పెడల్ (క్లచ్ పక్కన పాదం ఆనించుకునే మెట్టు) మీద ఒత్తి పెట్టండి. మలుపులో ఒంటిని ఆపాల్సింది ఆ కాలు, స్టీరింగ్ కాదు.
- హెల్మెట్ పెట్టుకున్నాక తల పైకప్పుకి తగులుతోందా చూసుకోండి.

7. పొద్దున ట్రాక్ దగ్గర

చేరగానే కారు ఖాళీ చేయండి. డోర్లలో నీళ్ల సీసాలు, డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ, అద్దానికి వేలాడే పూసలు, స్టెప్నీ, జాకీ, అన్నీ బయటికి. ఫ్లోర్ మ్యాట్ మర్చిపోవద్దు, అది జారి బ్రేక్ పెడల్ కింద దూరుతుంది. పెట్రోలు సగం ట్యాంకుకి తగ్గనివ్వకండి, మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకి పోయి ఇంజిన్ తడబడుతుంది.

తర్వాత కాగితాలు, కారు తనిఖీ, బ్రీఫింగ్. బ్రీఫింగ్‌లో వెనక నిలబడి ఫోన్ చూస్తే ఆ రోజు మీతో ట్రాక్ మీదున్న వాళ్లందరికీ ప్రమాదం. జెండాలు నోటికి రావాలి:

- పసుపు: ముందు ప్రమాదం ఉంది. వేగం తగ్గించండి, దాటొద్దు.
- ఎరుపు: సెషన్ (మీకు ట్రాక్ మీద ఇచ్చిన ఒక విడత) ఆగింది. అద్దం చూసుకుని నెమ్మదించి పిట్‌కి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) రండి. ఉన్నచోట టక్కున బ్రేక్ వేయొద్దు.
- నీలం: వెనక వేగమైన కారు ఉంది, దారివ్వండి.
- పసుపు, ఎరుపు చారలు: ట్రాక్ జారుతోంది, ఆయిలో నీళ్లో.
- నలుపు: మిమ్మల్నే పిలుస్తున్నారు, పిట్‌కి రండి.
- నలుపు మీద నారింజ చుక్క: మీ కారులో ఏదో పాడైంది.
- నలుపు తెలుపు గళ్లు: సెషన్ అయిపోయింది.

జెండాలు చూపే సిబ్బంది నిలబడే ప్రతి మార్షల్ పోస్టు ఎక్కడుందో మొదటి రెండు ల్యాపుల్లోనే గుర్తు పెట్టుకోండి.

8. సెషన్లు వరసగా

మొదటి సెషన్: అరవై శాతం వేగం. గట్టి బ్రేకులు లేవు. ట్రాక్ ఎటు తిరుగుతుందో, కోన్లు ఎక్కడున్నాయో చూడటమే పని. అక్కడివాళ్లు మలుపుల్ని సీ1, సీ2 అని నంబర్లతో పిలుస్తారు. మీరూ అలాగే గుర్తు పెట్టుకుంటే ఇన్‌స్ట్రక్టర్ చెప్పేది తలకెక్కుతుంది.

రెండో సెషన్: పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. డబ్బు విడిగా అడిగినా ఇవ్వండి. ఆ ఇరవై నిమిషాలు మీరొక్కరే నడిపే మూడు సెషన్లతో సమానం.

మూడో సెషన్: ఒక్క మలుపుని ఎంచుకుని దాన్నే బాగుచేసుకోండి. మిగతావి ఎలా పోయినా ఫరవాలేదు.

ఆఖరి సెషన్: అలిసిపోయినట్టుంటే మానేయండి. ఒళ్లు అలిసి, ధైర్యం పెరిగి ఉండే సమయం అది. ఆ రెండూ కలిసొస్తే గోడకి గుద్దుకోవడానికి ఇంకేమీ అక్కర్లేదు.

ప్రతి సెషన్‌లో మొదటి ల్యాపు టైర్లు, బ్రేకులు వేడెక్కడానికి, చివరి ల్యాపు చల్లారడానికి. ఆ చివరి ల్యాపులో బ్రేక్ దాదాపు ముట్టుకోకండి. పిట్‌లో ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, వేడి మీదున్న ప్యాడ్ డిస్కుకో డ్రమ్ముకో పట్టేస్తుంది. ఇంజిన్ ఆపి గేర్‌లో వదిలి, చక్రం కింద రాయి పెట్టండి. టర్బో కారైతే ఆపే ముందు ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి.

9. ఒక మలుపు, నాలుగు పనులు

చూపు. కారు చూపు వెంటే పోతుంది. బ్రేక్ పాయింట్ చేరకముందే చూపు మలుపు లోపలి అంచుకి, అంటే ఏపెక్స్‌కి వెళ్లాలి. ఏపెక్స్ చేరేలోపు బయటికి వెళ్లే అంచుకి. గోడకేసి చూస్తే గోడ దగ్గరికే వెళ్తారు.

బ్రేక్. మనం రోడ్డు మీద మెల్లగా మొదలుపెట్టి, చివర్లో గట్టిగా తొక్కి ఆపుతాం. ట్రాక్ మీద దీనికి పూర్తిగా తలకిందులు. కారు నేరుగా ఉన్నప్పుడే మొదట గట్టిగా, ఆ తర్వాత వేగం తగ్గేకొద్దీ ఒత్తిడి మెల్లమెల్లగా వదలాలి. ఏబీఎస్ టకటకమంటే భయపడి వదిలేయకండి, ఒక్క పిసరు తగ్గించండి.

కష్టమైంది తొక్కడం కాదు, వదలడం. బ్రేక్ తొక్కినప్పుడు బరువు ముందు టైర్ల మీదికి వస్తుంది, వాటికి పట్టు పెరుగుతుంది. ఒక్కసారిగా వదిలేస్తే ముక్కు పైకి లేచి ఆ పట్టు పోతుంది, సరిగ్గా మీరు స్టీరింగ్ తిప్పాల్సిన క్షణంలోనే. చాలామంది "నా కారు తిరగడం లేదు" అని టైర్లు మార్చడానికి కారణం ఇదే. దీన్ని సాధన చేయడానికి ట్రాక్ అక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు వెనక సీట్లో అమ్మ తల ముందుకి ఊగకుండా ఆపగలరేమో రోజూ చూసుకోండి. అది వచ్చిన రోజు సగం విద్య వచ్చినట్టే.

తిప్పడం. బయటి అంచు నుంచి లోపలికి, మళ్లీ బయటికి. ఒకే కదలికలో, చేతులు ఒకదాన్నొకటి దాటకుండా. ఏపెక్స్‌ని కాస్త ఆలస్యంగా తాకడం కొత్తవాళ్లకు మేలు, బయటికి వచ్చేటప్పుడు ట్రాక్ మిగులుతుంది.

యాక్సిలరేటర్. స్టీరింగ్ ఎంత విప్పితే అంతే నొక్కాలి. ఇంకా మెలి తిప్పి పట్టుకుని ఫుల్‌గా నొక్కితే ముందు చక్రాలతో నడిచే కారు నేరుగా బయటికి పోతుంది.

10. తప్పులు, వాటి మందు

కారు తిరగకుండా నేరుగా పోతోంది. లోపలికి వేగంగా వచ్చారు. స్టీరింగ్ ఇంకా తిప్పితే లాభం లేదు. యాక్సిలరేటర్ కొంచెం తగ్గించి, స్టీరింగ్ కాస్త విప్పి, ముందు టైర్లకు పట్టు దొరికేదాకా ఆగండి. తర్వాతి ల్యాపులో పది మీటర్లు ముందే బ్రేక్ వేయండి.

మలుపు మధ్యలో వెనక భాగం పక్కకి జారింది. సాధారణంగా భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేయడం వల్ల ఇలా అవుతుంది. వెళ్లాల్సిన వైపు చూసి, చేతులు ఆ చూపు వెంట పోనివ్వండి. బ్రేక్ వద్దు. తిరగడం ఖాయమని తెలిసిపోతే మాత్రం క్లచ్, బ్రేక్ రెండూ పూర్తిగా తొక్కి ఆగేదాకా వదలొద్దు. మీరు ఎటు పోతారో వెనకవాళ్లకు అర్థమవుతుంది.

రెండు చక్రాలు ట్రాక్ దిగాయి. పెద్ద ప్రమాదాలు ఇక్కడే. గాభరాగా స్టీరింగ్ లాగితే పట్టు దొరికిన క్షణంలో కారు అడ్డంగా ట్రాక్‌ని కోసుకుంటూ అవతలి గోడకి పోతుంది. స్టీరింగ్ నేరుగా పట్టుకుని, వేగం తగ్గనిచ్చి, అద్దం చూసి, మెల్లగా ఎక్కండి.

పెడల్ మెత్తబడింది. పంప్ చేస్తూ ఆ ల్యాపు నెమ్మదిగా ముగించి పిట్‌కి రండి. "ఇంకొక్క ల్యాపు" అనుకోవద్దు.

అద్దంలో వేగమైన కారు. మీరు పోతున్న దారి, అంటే లైన్, మార్చొద్దు. స్ట్రెయిట్‌లో చెయ్యి చూపి, కాస్త యాక్సిలరేటర్ వదలండి. దారివ్వడం అవమానం కాదు, ఆ కారు వెనకపోతూ లైన్ చూసుకోవచ్చు కూడా.

ఫోన్‌తో ల్యాప్ టైమ్. మొదటి రోజు ఆ కోరిక ఇంటి దగ్గరే వదిలేయండి. టైమ్ కనిపించిన క్షణం నుంచి చూపు, బ్రేక్ అన్నీ మర్చిపోతారు. నేను మర్చిపోయాను.

11. తిరుగు ప్రయాణం

కారు పూర్తిగా చల్లారాక బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. వేడికి వదులవుతాయి. మధ్యలో గాలి తీసి ఉంటే స్టిక్కర్ అంకెకు మళ్లీ పట్టించండి, లేకపోతే హైవే మీద టైరు వేడెక్కిపోతుంది. ఇంజిన్ ఆయిల్ తగ్గిందేమో చూడండి.

అదే సాయంత్రం బయల్దేరకండి. ఒళ్లు అలిసి ఉంటుంది, పైగా వేగం అంచనా పాడై ఉంటుంది. ట్రాక్ దిగాక వంద మీద పోతున్నా నడిచినట్టనిపిస్తుంది. కానీ హైవే మీద అందరూ ఒకే వైపు పోరు, గేదెలకు నీలం జెండా తెలియదు.

ఇల్లు చేరాక బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి రంగు చూడండి. నల్లబడినా, ట్రాక్ మీద పెడల్ ఒక్కసారి మెత్తబడినా మళ్లీ మార్పించండి, ఈసారీ పక్కనే నిలబడి.